గాజు సిరంజి నేర్పిన బిగువు

నర్సమ్మ పోయిందని కుప్పం నుంచి ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నా చేతిలో ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉంది. టమోటా తోటలకు మందు కొట్టే స్ప్రేయర్‌ది. వేళ్ళతో తిప్పుతూ సగంలో ఉన్నాను. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఎప్పుడమ్మా?" అన్నాను. "ఈ పొద్దున్నే. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే" అంది. నేను వెంటనే లేవలేదు. కింది రాగి వాచరు ఆనేదాకా వేళ్ళతోనే తిప్పాను. పానా పెట్టి అరచుట్టు బిగించాను. అప్పుడు లేచి, చేతులు తుడుచుకుని, అంగడి తలుపు వేశాను. సగం బిగించిన ప్లగ్గును వదిలేసి వచ్చానని తెలిస్తే నర్సమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇవాళ ఇరవై ఏళ్ళు దాటిన ఎవరి ఎడమ భుజం మీదనైనా టీకా మచ్చ ఉంటే అది చాలావరకు ఆమె చేతిదే. సర్కారు నర్సు. ఆమెకు మంచి పేరే ఉండేది కానీ ఎవరూ ఆ పేరుతో పిలిచింది లేదు, అందరికీ నర్సమ్మే. నేనూ ఇక్కడ అంతే అంటాను. నేను మెకానిక్కును. ఇంజను పని ఆమెకు నేను నేర్పానని అనుకునేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. జరిగింది తలకిందులుగా. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో పుంగనూరు బస్టాండు నుంచి సంతకు పోయే దారిలో నాకు చిన్న అంగడి ఉండేది. మోపెడ్లు, కిరసనాయిలు పంపుసెట్లు, పెళ్ళిళ్ళకు లైట్లు వెలిగించే చిన్న జనరేటర్లు వచ్చేవి. నాకు బిగువు మేస్త్రీ అని పేరు. ఎవరో ఇచ్చింది కాదు, నేనే తెచ్చుకున్నది. "నేను బిగిచ్చింది మళ్ళా నేనే ఇప్పల్ల" అని పదిమంది ముందూ అనేవాణ్ణి. ప్లగ్ పానా పిడికి రెండడుగుల ఇనప గొట్టం తొడిగి, ఒక కాలు బండికి తన్నిపెట్టి, పళ్ళు బిగబట్టి లాగేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్ళు శభాష్ అనేవాళ్ళు. అప్పట్లో మా మెకానిక్కుల మధ్య అదొక పందెం. ఒకడు బిగించిన ప్లగ్గును ఇంకొకడు విప్పలేకపోతే మొదటివాడు మగవాడు. బండి ఇచ్చినవాడు కూడా మురిసిపోయేవాడు. ప్లగ్గు ఉక్కుది, అది కూర్చునే హెడ్డు, అంటే ఇంజను తల, మెత్తటి అల్యూమినియంది, మా పందెంలో ఓడిపోయేది ఆ హెడ్డేనని ఒక్కడికీ తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొట్టంతో నన్ను నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

ఒక బుధవారం పొద్దున నర్సమ్మ మోపెడ్ దగ్గుతూ దగ్గుతూ వచ్చి నా అంగడి ముందు ఆగింది. బుధవారం టీకాల రోజు. వెనక క్యారియర్‌కు టీకామందు పెట్టె, అందులో ఐసు. ఆ పెట్టె మూత సరిగ్గా పట్టదని చుట్టూ తడి టవలు కట్టుకుని తిరిగేది.

"అప్పా, గుట్ట మీద పల్లెలో తట్టు వచ్చుండాది. ఐసు కరిగే లోపల నేను ఆడ ఉండల్ల. బండి గుట్ట ఎక్కనంటాది. బిర్న సూడు."

ఇంజను కాలిపోతోంది. చల్లారేదాకా ఆగాలి. ఆగితే చూసే జనం వెళ్ళిపోతారు కదా! వేడి మీదే విప్పాను, మసి గీకాను, మళ్ళీ పెట్టాను. గొట్టం తొడిగి లాగాను. గట్టిగా ఒకచోట ఆగింది. ఇంకొంచెం లాగాను. ఉన్నట్టుండి పానా మెత్తగా తిరిగింది. ఆ మెత్తదనం ఏమిటో మెకానిక్కు అయినవాడికి చెప్పనక్కరలేదు. హెడ్డు లోపలి మరలు కోసుకుపోయాయి. ఎదురుగా నలుగురు నిలబడి చూస్తున్నారు. మరలు పోయాయని చెప్పకపోగా, "తీస్కపోమ్మా, ఇంగ ఏడాది దాకా ప్లగ్గు మాట ఎత్తబళ్ళేదు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

గుట్ట సగం ఎక్కాక ప్లగ్గు తుపాకీ గుండులా ఎగిరిపోయిందట. ఆమె మోపెడ్‌ను ఒక రైతు కొట్టంలో పెట్టి, టవలును బావినీళ్ళలో తడిపి పెట్టెకు చుట్టి, పెట్టెను నెత్తిన పెట్టుకుని ఎండలో గుట్ట ఎక్కింది. ఆమె చేరేసరికి ఐసు ఉసిరికాయంత మిగిలి ఉందట. పల్లెలో ఉన్న పిల్లలందరికీ, ఒక్కరు మిగలకుండా, టీకా వేసి దిగివచ్చింది. ఈ సంగతి నాకు సాయంత్రమే తెలిసింది.

మరుసటి రోజు టమోటా గంపల ట్రాక్టరులో మోపెడ్‌ను వేసుకుని వచ్చి నా అంగడి ముందు దించింది. ఎదురుగా టీ అంగట్లో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నా పని అయిపోయింది అనుకున్నాను. ఆమె అరవలేదు.

"అప్పా, ఒక మాట అడగతాను. అబద్దం సెప్పొద్దు. బిగిచ్చేటప్పుడు నీ సేతికి తెలిసిందా లేదా?"

లేదనడం తేలిక. ఎందుకో అనలేకపోయాను. "తెలిసిందమ్మా" అన్నాను.

"మరి యాల సెప్పలేదు?"

"అందురూ సూస్తా ఉండిరి."

ఆమె భుజాన ఉన్న సంచి దించింది. "అట్లయితే సెయ్యి మంచిదే. నోరే పాడుది. నోటికి మందు నా దగ్గర లేదు గానీ, సేతికి ఉండాది. స్టూలు యెయ్యి" అంది. టీ అంగట్లో నవ్వులు. నా తల కొట్టేసినట్టయింది. స్టూలు వేశాను.

సంచిలోంచి గుడ్డలో చుట్టిన గాజు సిరంజి తీసింది. ఆ రోజుల్లో సిరంజిలన్నీ గాజువే, నీళ్ళలో మరిగించి మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళు. ఒక సూది నా చేతికిచ్చి, "దీని మూతికి బిగిచ్చు" అంది. ఇదేం పెద్ద పని అనుకుని తిప్పాను. టిక్కుమంది. గాజు మూతి పగిలి నా అరచేతిలో పడింది. ఆమె రెండోది ఇచ్చింది. ఈసారి భయపడి వదులుగా తిప్పాను. ఆమె అందులో నీళ్ళు నింపి నొక్కింది. నీళ్ళు సూదిలోంచి రాకుండా పక్కనుంచి కారి నా మోకాలి మీద పడ్డాయి.

"సూస్తివా? వదులైతే మందు బయటికి పోతాది, బిడ్డకు ఎక్కదు. ఎక్కువైతే గాజే పోతాది. నేను దినామూ ఈ రెండిటి మధ్యనే బతకతాండాను." మూడో సిరంజిని తనే తీసుకుని, రెండు వేళ్ళ కొనలతో సూదిని తిప్పి చూపించింది. "ముందర వేళ్ళు. ఆనిందని వేళ్ళకి తెలుస్తాది. ఆనినాక రవ్వంత. ఆ రవ్వంతే బిగువు. ఆమీద తిప్పేదంతా నీ పొగరు."

ఆనినాక రవ్వంత. నేను బతుకులో విన్న పాఠాలన్నిటిలోకీ చిన్నది అదే.

ఆ మధ్యాహ్నం పాత సామాన్లలోంచి ఒక చెడిపోయిన హెడ్డు తీసి ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ప్లగ్గు కింద ఉండే రాగి ఉంగరాన్ని, అదే వాచరును, వేలితో తట్టి "ఇది యాల ఉండాది?" అని అడిగింది. "నలిగి సందు మూసేదానికమ్మా" అన్నాను. "ఎంత నలగల్ల?" అంది. నాకు తెలియదు. పదేళ్ళుగా ప్లగ్గులు బిగిస్తున్నవాణ్ణి, ఆ ప్రశ్న ఒక్కసారీ వేసుకోలేదు. కొత్త ప్లగ్గును వేళ్ళతో చివరిదాకా తిప్పాం. దారి తప్పి అడ్డంగా ఎక్కితే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాం. ఆనాక పానాతో పావుచుట్టు తిప్పి, విప్పి వాచరు చూశాం. సరిగ్గా నలగలేదు. అరచుట్టు తిప్పి చూశాం. చుట్టూ సమంగా నలిగింది. ముప్పావు చుట్టుకు హెడ్డు మూలిగింది. కొత్త వాచరైతే అరచుట్టు. ఒకసారి నలిగిన పాతదైతే పావు చుట్టు కూడా ఎక్కువే. ఇంజను చల్లగా ఉండాలి, కూర్చునే చోట మసి ఉండకూడదు. అంతే, ఇంతకు మించి ప్లగ్గులో విద్య లేదు. ఆ గొట్టాన్ని ఆమె కళ్ళముందే పాత ఇనుములోకి విసిరేశాను.

మదనపల్లెలో లేతు మిషను మీద పెట్టించి, ఆమె బండి హెడ్డులో పోయిన మరల చోట కొత్త బుష్ వేయించి తెచ్చాను. ప్లగ్గు మాత్రం నన్ను ముట్టనివ్వలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ప్రతి బుధవారం టీకాలకు బయలుదేరే ముందు నా అంగట్లో ఆగి, తన ప్లగ్గు తనే విప్పి, తుడిచి, బిగించుకునేది. నన్ను పక్కన నిలబెట్టేది. పనికి ముందు సూది వేసేటప్పటిలాగే దూదితో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకునేది. ప్లగ్గు బిగిశాక ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఏడ్చే పిల్లలతో అన్నట్టే "అయిపాయ, అయిపాయ" అనేది. ఒక్క తొక్కుకు బండి స్టార్టయ్యేది. "సూడప్పా, ఏడ్సలేదు" అని నావైపు తిరిగి నవ్వేది. కాఫీ ఇస్తే సగమే తాగేది, మిగతా సగం నాకు కాక టీ అంగడి ముసలామెకు ఇచ్చేది. నాకెందుకు ఇవ్వవమ్మా అంటే "ఇంకా కోపం తీర్లేదప్పా" అనేది. నాకా, ఆమెకా అన్నది ఎన్నడూ చెప్పలేదు.

నేను రాత్రీ పగలూ ఆమె ఇచ్చిన మూతి పగలని పాత సిరంజితో సాధన చేశాను. కానీ ఊరికి నా వేళ్ళు మారాయని ఎట్లా తెలుస్తుంది? నా అంగడికి 'ప్లగ్గు ఎగిరిన అంగడి' అని పేరు పడిపోయింది. ఎవరైనా దారి అడిగితే జనం అట్లాగే గుర్తు చెప్పేవాళ్ళు. పంపుసెట్లు రావడం మానేశాయి. అంగడి మూసేసి బెంగళూరులో ఏదైనా షెడ్డులో కూలికి పోదామని ఇంట్లో మాట కూడా అనేశాను.

అప్పుడే టమోటా రైతుల చేతుల్లోకి పెట్రోలు స్ప్రేయర్లు వచ్చాయి. వీపుకు తగిలించుకునే చిన్న ఇంజన్లు. వాటిని అమ్మే కంపెనీవాళ్ళు మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో మెకానిక్కులను పిలిచారు. పరీక్ష పెడతారు, నెగ్గినవాడి అంగడికి సర్వీసు బోర్డు ఇస్తారు అన్నారు. పుంగనూరుకు ఒకే బోర్డు. అది వస్తే నా అంగడి నిలబడుతుంది, రాకపోతే బెంగళూరు బస్సు. నర్సమ్మకు చెప్పాను. "ఆ పొద్దు నాకు మదనపల్లెలో మీటింగు ఉండాది. అయిపోతానే వస్తాను. నువ్వు మాత్రం నన్ను సూసుకుంటా తిప్పొద్దు" అంది.

కంపెనీ ట్రైనరు కుర్రవాడేమీ కాదు, నెరిసిన మీసాల మనిషి. ఒక పానా తెచ్చాడు. దాని మీద ముల్లు ఉంటుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లు బిగించేవాడికి కనపడకుండా అట్ట అడ్డం పెట్టి, తను మాత్రం చూస్తాడు. ఒక్కొక్కరు మూడు కొత్త ప్లగ్గులు బిగించాలి. ముల్లు మూడుసార్లూ రెండు గీతల మధ్య ఆగాలి.

మదనపల్లెలో పేరున్న మేస్త్రీలే ముందు లేచారు. ఒకాయన మొదటి ప్లగ్గుకే ముల్లును గీత దాటించాడు. ఇంకొకాయన గీతను కాదు, హెడ్డునే దాటించాడు. మరలు లేచిపోయాయి. ఆ పానా మెత్తగా తిరగడం చూడగానే నాకు ఆ బుధవారం గుర్తొచ్చింది. భయపడి వదులుగా బిగించినవాళ్ళూ ఉన్నారు. పుంగనూరు నుంచి నాతో వచ్చిన ఇంకో మెకానిక్కు రెండు సరిగ్గా చేసి, మూడోదానికి జనం చప్పట్లు కొట్టేసరికి ఇంకొంచెం లాగాడు. అతణ్ణి చూస్తే నాకు నవ్వు రాలేదు, జాలేసింది. అది పాత నేనే.

నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. వేళ్ళతో తిప్పాను. ఆనింది. పానా పట్టుకున్నాను. నా చేతిలో ఉన్నది ఉక్కు కాదు, గాజు అనుకున్నాను. రవ్వంత. రవ్వంత. ఆపేశాను. రెండోది. మూడోది. అప్పుడు ఆయన అట్ట తీసి అందరికీ చూపించాడు. మూడుసార్లూ ముల్లు ఆగిన చోట ఆయన సుద్దముక్కతో గీసిన గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా ఉన్నాయి.

మండపంలో ఈలలు వేశారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఏ కంపెనీలో ట్రైనింగ్ అయ్యారు?" అని అడిగాడు ట్రైనరు.

"మా నర్సమ్మ దగ్గిర సార్."

"నర్సు అంటే, సూదులు వేసే నర్సా?" జనం గొల్లున నవ్వారు. నేను తలుపు వైపు చూపించాను. ఆమె అక్కడ తెల్లచీరలో, చంకలో ఫైలుతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అందరి తలలూ తిరిగాయి. ట్రైనరు మర్యాదగానే, "అమ్మా, మీరూ ఒకటి బిగిస్తారా?" అన్నాడు. ఆమె వాచీ చూసుకుంది. "ఒగటే. నాకు బస్సు టైమవతాండాది" అంటూ వచ్చింది. ఫైలు నా చేతిలో పెట్టింది. సంచిలోంచి దూది తీసి వేళ్ళు తుడుచుకుంది. అప్పటికే నవ్వులు ఆగిపోయాయి. వేళ్ళతో తిప్పింది, పానా పెట్టింది, ఒక్క మెత్తటి కదలిక. "అయిపాయ, అయిపాయ" అంది అలవాటుగా. అట్ట తీశారు. ముల్లు రెండు గీతలకూ నట్టనడుమ ఉంది.

మండపం లేచి నిలబడింది. ఉత్త మాట కాదు, కుర్చీలు వెనక్కి పడ్డాయి. ట్రైనరు కూడా చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం ఆయన బల్ల మీది పుస్తకం వైపు చూసి, "ఇందులో పాత వాచరైతే ఎంత బిగిచ్చల్లని రాసినారు?" అని అడిగింది. ఆయన పేజీలు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. కొత్త వాచరు లెక్కే ఉంది. "పల్లెల్లో దినామూ కొత్త వాచరు యాడ దొరకతాది నాయనా? అది గూడా రాయండి" అంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఆమె చెబుతుంటే రాసుకున్నాడు. పావు చుట్టు కంటే తక్కువ. నా గురువు చెబుతుంటే కంపెనీ రాసుకోవడం నా కళ్ళతో చూశాను. అంతకంటే నాకేం కావాలి!

బస్టాండు దాకా పరుగున వెళ్ళి ఆమెను బస్సెక్కించాను. "అమ్మా, ఇప్పుడన్నా కోపం తీరిందా?" అన్నాను. కిటికీలోంచి చూసి, "అంతమంది సూస్తాండంగా గూడా నువ్వు రవ్వంత దగ్గిరే నిలిపినావు. ఈ పొద్దు తీరిపాయ" అంది. ఆ తర్వాతి బుధవారం సగం కాఫీ నాకే ఇచ్చింది. ఆ బోర్డు ఇప్పటికీ నా అంగడి మీద ఉంది. నా ఇద్దరు పిల్లల చదువులు దాని నీడలోనే అయ్యాయి.

తర్వాత ఆమెను కుప్పం వైపు బదిలీ చేశారు. వెంకటగిరికోట దాకా పల్లెలు తిరిగేది. అక్కడి నుంచి ఫోన్ చేసినా మొదటి మాట "ఎన్ని బిగిచ్చినావప్పా ఈ పొద్దు?" అనే. ప్లాస్టిక్ సిరంజిలు వచ్చినప్పుడు పిల్లలకు మంచిదని సంతోషపడింది. "అయినా వీటికి బిగువు తెలీదప్పా, కొత్తగా వచ్చే ఆడబిడ్డలకి వేళ్ళు ఎట్ల నేర్పేది?" అని దిగులూ పడింది. రిటైరైన రోజు తన చివరి గాజు సిరంజిని దూదిలో చుట్టి నాకు పంపింది. మా అంగట్లో అద్దాల బీరువాలో ఉంది. పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా పానా ఇచ్చే ముందు దాని మూతికి సూది బిగించమంటాను.

ఫోన్ వచ్చిన ఆ పొద్దున నేను కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆమె ఇంటి ముందు వరసగా మోపెడ్లు, స్కూటీలు. పుట్టింటికి వచ్చిన బిడ్డల్లా చుట్టుపక్కల పల్లెల నర్సులంతా వచ్చారు. ఆమెకు దండం పెట్టుకుని, ఏడుపు ఆపుకోలేక బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాను. ఒక నర్సు, పాతికేళ్ళు ఉంటాయేమో, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి తన మోపెడ్‌ను తొక్కింది. స్టార్టు కాలేదు. వెనక క్యారియర్‌కు టీకామందు పెట్టె కట్టి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు బుధవారం.

నా చేతులు వాటంతట అవే ముందుకు పోబోయాయి. జేబులో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసింది. సంచిలోంచి దూది తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, మళ్ళీ వేళ్ళతో తిప్పింది, ఆనేదాకా. పానా పెట్టి రవ్వంత కదిపింది. పాత వాచరు, పావు చుట్టు కూడా తిప్పలేదు. తర్వాత ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఎవరూ వినడం లేదనుకుని, మెల్లగా అంది.

"అయిపాయ, అయిపాయ."

ఒక్క తొక్కుకు బండి స్టార్టయింది. టీకామందు పెట్టె వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా ఆ ఇంజను చప్పుడు, ఎక్కడా దగ్గకుండా, చాలాసేపు వినపడింది.